పూబెల్ దొరవారి పెట్టె

గోదావరికి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు డెల్టా గ్రామములలో నేటికిని భక్తితో స్మరింపబడుచున్నది. ఊరూర ఆయన విగ్రహములు నిలిచియున్నవి. తాటాకు గ్రంథములను ప్రోగుచేయించి పరిష్కరింపించిన బ్రౌను దొర పేరు నిఘంటువు రూపమున మన బీరువాలలో సుఖముగా ఉన్నది. ఉద్యోగి యొకడు ప్రజల నాలుకపై నిలిచియుండుటకు మనకు తెలిసిన మార్గములు ఇట్టివి. పారిస్ నగరమున పందొమ్మిదవ శతాబ్ది చివర అధికారము నెరపిన ఒక ప్రిఫెక్టు పేరు వీరందరి పేర్లకంటెను విస్తారముగా, ఫ్రెంచి మాటలాడు ప్రతి యింటను, పసిపిల్లలు మొదలుకొని ముదుసలుల వరకు, దినమునకు పలుమారులు ఉచ్చరింపబడుచున్నది గాని, ఆ ఉచ్చరించుటలో ఆయనను తలచుకొనువాడు వేయింట నొకడును ఉండడు. ఏలయన, ఆ భాషలో పూబెల్ అనగా నేడు చెత్తబుట్ట.

యూజీన్ పూబెల్ 1831లో నార్మండీ సీమలోని కాన్ పట్టణమున జన్మించెను. న్యాయశాస్త్రము నభ్యసించి, కొంతకాలము ఆ శాస్త్రమునే బోధించి, పిమ్మట ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి, పెక్కు మండలములలో ప్రిఫెక్టుగా పనిచేసి, 1883 అక్టోబరులో సేన్ మండలమునకు, అనగా పారిస్ నగరమునకును దాని పొలిమేరలకును, పెద్దగా వచ్చెను. 1871 నాటి కమ్యూను తిరుగుబాటు అణచివేయబడిన తరువాత ఆ నగరమునకు మేయరు నుంచుట క్షేమము కాదని పాలకులు తలచినందున, 1977 వరకును పారిస్‌కు మేయరు లేడు. మన కలెక్టరువంటి ప్రిఫెక్టే ఊరికి సర్వాధికారి. అట్టి అధికారము చేతికి వచ్చి రెండు నెలలైనను నిండకముందే, నవంబరు 24వ తేదీన, ఆయన నగరములోని మేడల చెత్తను గూర్చి ఒక ఉత్తరువు చేసెను.

ఆ ఉత్తరువు జోలికి పోవుటకు ముందు మా యింటి సంగతి ఒకటి చెప్పవలసియున్నది. హైదరాబాదులో మేమున్న అయిదంతస్తుల అపార్టుమెంటులో ఇరువది వాటాలు. ప్రొద్దుట ఏడు గంటలకు ప్రతి గడప ముందరను ఒక బకెట్టు కనిపించును. వాచ్‌మన్ భార్య పై అంతస్తునుండి దిగుచు, వానిని ఒక పెద్ద డ్రమ్ములోనికి వంచుకొనుచు వచ్చి, సెల్లారులో నీళ్ళ మోటారు గది ప్రక్కన పీట వేసుకొని కూర్చుండి, పాలపాకెట్లు ఒక వైపునకు, అట్టపెట్టెలు ఒక వైపునకు, సీసాలు ఒక వైపునకు వేరుచేయును. తడిచెత్తను పొడిచెత్తను ఎవరి యింట వారే వేరుపరుపవలెనని మా అసోసియేషను వారు లిఫ్టులో కాగితము అంటించి నాలుగేండ్లయినది. ఆ కాగితమును చదువనివారు లేరు. పాటించువారు ముగ్గురో నలుగురో. తక్కినవారి పక్షమున ఆమెయే పాటించుచున్నది. ఆమెను చూచినప్పుడెల్ల, ఒకే మేడలో పలు కుటుంబములు కాపురముండుట మొదలైన నాటినుండి ఈ వేరుచేయు పని ఎన్నడును ఇంటివారిది కాక, మెట్టుమెట్టే దిగుచు, అన్నిటికంటె క్రింద నున్నవారి చేతికి చేరుచు వచ్చినదని నాకు తోచును. పారిస్ కథ చదివిన పిమ్మట ఆ తలంపు మరింత గట్టిపడినది.

పారిస్ బురద మిక్కిలి పురాతనమైనది. రోమనుల నాడు ఆ ఊరికి లుటేషియా యని పేరు. బురద అను అర్థము గల లాటిను మాటనుండియే ఆ పేరు పుట్టినదని పన్నెండవ శతాబ్ది చివర నున్న రిగోర్ అను సన్యాసి తన చరిత్రగ్రంథమున వ్రాసెను. భాషాశాస్త్రజ్ఞులు ఈ వ్యుత్పత్తిని అంగీకరింతురో లేదో గాని, ఆనాటి నగరవాసుల ముక్కులు అంగీకరించియే యుండును. 1131లో ఆరవ లూయీ కుమారుడు, అప్పటికే తండ్రితోపాటు అభిషిక్తుడైన యువరాజు, గుఱ్ఱమెక్కి పోవుచుండగా ఊరపంది యొకటి కాళ్ళకు అడ్డము వచ్చి, గుఱ్ఱము కూలి, ఆ దెబ్బతో మరణించెను. వీధులలో పందులను విడువరాదని అప్పుడు శాసించిరి. శాసించుట సులభమే, అంతవరకు కడుపార తిని వీధులను కొంతమేరకైనను శుభ్రపరచుచుండినవి ఆ పందులేయని శాసించినవారికి తట్టలేదు. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట ఫిలిప్ ఆగస్తు అను రాజు తన భవనపు కిటికీకడ నిలిచియుండగా, క్రింద పోవు బండ్ల చక్రములు రేపిన దుర్గంధమునకు తాళజాలక, ప్రధానవీధులకు రాళ్ళు పరపించెనని ఆ రిగోరే చెప్పియున్నాడు. బురదపైన రాయి పడెను. రాతిపైన మరల చెత్త పడెను. ఆ తరువాతి శతాబ్దములలో వెలువడిన శాసనములు లెక్కకు మిక్కిలి. వానివలన ఒనగూడినది స్వల్పము.

శాసనములు చేయలేని పనిని చేసినవారు షిఫోనియేలు. షిఫోన్ అనగా ఫ్రెంచి భాషలో గుడ్డపీలిక. పీలికలు ఏరుకొని జీవించువాడు షిఫోనియే. మన స్త్రీలు పెండ్లిండ్లకు కట్టుకొను షిఫాన్ చీర పేరును, ఆ పెంటకుప్పలోని పీలిక పేరును ఒక్కటేయని తెలిసినచో బట్టలకొట్టువారు మరియొక పేరు వెదకుకొందురేమో. వీపున పొడవాటి బుట్ట, ఒక చేత లాంతరు, మరియొక చేత కొనకు ఇనుపకొక్కెము గల పొట్టికఱ్ఱ, ఇవి వారి వృత్తి చిహ్నములు. చీకటి పడిన పిమ్మట బయలుదేరి, ఇండ్లముందు కుప్పలుగా పోసిన చెత్తను కొక్కెముతో కదలించి, కావలసిన దానిని ఒడుపుగా పొడిచి భుజముమీదుగా బుట్టలోనికి విసరుకొనుచు, తెల్లవారుజామున మునిసిపల్ బండ్లు వచ్చులోపల తమ పని ముగించుకొనెడివారు. రాత్రివేళ తిరుగువారిని గూర్చి ఏ ప్రభుత్వమునకైనను అనుమానమే గనుక, 1828లో పోలీసు శాఖ వీరికి పేరు, ఆనవాళ్ళు చెక్కిన లోహపు బిళ్ళలిచ్చి, అవి ధరించినవారే తిరుగవలెనని నిర్బంధించెను.

ఈ యేరుడు భిక్షాటనమువంటిదని తలచువారు పొరబడుదురు. ఇది ఒక మహాపరిశ్రమకు మొదటి మెట్టు. కొయ్యగుజ్జుతో కాగితము చేయుట వాడుకకు రాకముందు ఐరోపాఖండమున పుస్తకము, పత్రిక, ప్రేమలేఖ, దస్తావేజు, సమస్తమును నారగుడ్డల, నూలుగుడ్డల పీలికలనుండియే పుట్టెడివి. 1799లో నికొలా లూయీ రాబర్ అను ఫ్రెంచివాడు ఎడతెగని చుట్టగా కాగితమును తీయు యంత్రమునకు పేటెంటు పొందిన పిమ్మట మిల్లుల ఆకలి పెరిగెను. పీలికకు ధర పెరిగెను. ఎముకలకును అట్టిదే గిరాకి. బొత్తాములు చేయువారు, కత్తిపిడులు చేయువారు, జిగురు కాచువారు కొనగా మిగిలిన ఎముకలను కాల్చి బొగ్గుచేసి, ఆ బొగ్గుగుండ పాకమును వడగట్టి చక్కెరను తెల్లబరచెడివారు. అగ్గిపుల్లలకు కావలసిన భాస్వరమును ఎముకలనుండియే తీసెడివారు. ఒక ప్రభువు విందులో మిగిలిన ఎముక మరికొన్ని నెలలకు ఆయన కాఫీలోని పంచదార తెలుపునకే కారణమగుచుండెను. మన దేశమున స్వదేశీ ఉద్యమకాలములో విదేశీ చక్కెరపై లేచిన ఆక్షేపణలలో ఈ ఎముకబొగ్గు సంగతియు ఒకటి. మా పెద్దల తరములో మడి కట్టుకొనువారు బెల్లమునే పట్టుకొని ఉండుటకు రుచి యొక్కటే కారణము కాదు. పగిలిన గాజు గాజుకొలిమికి పోయెను. దువ్వెనకు చుట్టుకొని వచ్చిన వెంట్రుకలు సవరములు కట్టువారికి పోయెను. ఎండిన రొట్టెముక్క కుందేళ్ళకు పోయెను. ఏదియు ఊరక పోలేదు.

1832 మార్చి చివర పారిస్‌లో కలరా ప్రవేశించెను. ఆ యేడు నగరమున పదునెనిమిది వేలకు పైబడి మరణించిరి. దుర్వాయువే రోగకారణమని నమ్ముచుండిన ఆ కాలపు అధికారులు, చెత్త తెల్లవార్లు వీధిలో నిలువ యుండరాదని, సాయంకాలమే ఎత్తించుటకు ఒక గుత్తేదారుతో ఏర్పాటు చేసికొనిరి. బండి సాయంకాలము వచ్చినచో రాత్రి ఏరుకొనువానికి మిగులునది రాయియే గదా. ఏప్రిల్ మొదటి దినములలో షిఫోనియేలు గుంపులు గట్టి కొత్తబండ్లను విరుగగొట్టి నిప్పుపెట్టిరి. వ్యాధికి జడిసి ఊరివారు తలుపులు మూసికొనియుండ, వీరు వీధిలోనికి వచ్చి చెత్తకొరకు పోరాడిరి. చెత్తను ఎత్తించు వేళను మార్చుట ఒకరి అన్నము వేళను మార్చుటయని అప్పుడు తెలిసినది. అర్ధశతాబ్ది గడచునప్పటికి మరచిరి.

ఈ నడుమ ఊరి స్వరూపమే మారిపోయెను. 1853 మొదలు 1870 వరకు సేన్ మండలమునకు ప్రిఫెక్టుగా నుండిన ఓస్మాన్, ఇరుకుసందులను పడగొట్టించి, విశాలవీధులు తీర్చి, వానికి ఇరుప్రక్కల ఒకే ఎత్తున ఒకే వరుసన రాతిమేడలు లేచునట్లు చేయించెను. క్రింద అంగళ్ళు; పైన వాటాలు; వాటా పైకి పోయినకొలది అద్దె తగ్గును; అటకక్రింది ఆరవ అంతస్తులో పనికత్తెల యిరుకుగదులు. యజమానులకు పెద్దమెట్లు, నౌకరులకును బొగ్గుకును చెత్తకును పెరటివైపున వేరుమెట్లు. అందరి రాకపోకలను కనిపెట్టుచు తలవాకిటి ప్రక్క చిన్నగదిలో ఒక ద్వారపాలిక కాపురముండెడిది. ఆమెను కాన్సియెర్జ్ అందురు. రాత్రి ప్రొద్దుపోయి వచ్చినవాడు వాకిట నిలిచి కేక వేసినచో, ఆమె పడకనుండి లేవకయే త్రాడు లాగి గడియ విడిపించెడిది. జాబులు ఆమె చేతిమీదుగానే పైకి పోవును; చెత్త ఆమె కనులముందరనే క్రిందికి వచ్చును. ఎవరింట ఏమి వండిరో, ఎవరు ఎన్ని సీసాలు త్రాగిరో ఆమెకు తెలియని రహస్యము లేదు.

మన పల్లెటూరి గృహస్థునకు చెత్త యను సమస్యయే లేకుండెను. బియ్యము కడుగునీరు, గంజి, కూరతొక్కులు కుడితితొట్టిలో పడి గేదె కడుపునకు పోవును. పేడయు, కసవును, ఎంగిలి విస్తళ్ళును పెంటకుప్పకు చేరి, వేసవిలో బండ్లకెక్కి పొలమునకు పోవును. బూడిద అంట్లు తోముటకు. చినిగిన చీర బొంత యగును. బొంత చినిగిన మసిగుడ్డ యగును. ఇంత చక్రమునకు ఇరుసువంటిది పెరడు. ఓస్మాన్ మేడకు పెరడు లేదు, గొడ్డు లేదు, పొలము లేదు. ఉన్నది నౌకరుల మెట్లదారి, దాని కొసను వీధి. ఆరు కుటుంబములో పన్నెండు కుటుంబములో వండి వార్చుకొనగా మిగిలినదంతయు రాత్రివేళ ఆ వీధిలో గోడప్రక్కన కుప్పయగుచుండెను. వాన కురిసిన అది ప్రవాహమగును, కుక్కలు చెదరగొట్టును, షిఫోనియే కొక్కెము కొంత చెదరగొట్టును. అప్పటికి పారిస్ జనసంఖ్య 22 లక్షలకు పైబడెను. పాస్టరు మహాశయుడు అదే నగరమున సూక్ష్మజీవులను గూర్చి పరిశోధించుచుండెను. దుర్వాయువునకు మారుగా ఇప్పుడు సూక్ష్మజీవి భయము వచ్చెను.

పూబెల్ ఉత్తరువు వచ్చిన సందర్భమిది. మేడ యజమాని ప్రతియొక్కడును తన అద్దెకాపురముల వారందరికి ఉమ్మడిగా చెత్తపెట్టెలు ఏర్పాటు చేయవలెను. అవి కొయ్యతో చేసి లోపల తగరపురేకు తాపినవై, 40 మొదలు 120 లీటర్ల వరకు పట్టునవై, మూత కలిగియుండవలెను. కుళ్ళిపోవు పదార్థములకు ఒక పెట్టె, కాగితములకును గుడ్డలకును ఒక పెట్టె, గాజు, పింగాణి పెంకులకును ఆలిచిప్పలకును ఒక పెట్టె. ఆలిచిప్పల మాట చూచి నవ్వుకొననక్కరలేదు. ఆ చిప్పలలోని మాంసమును పచ్చిగనే నిమ్మరసముతో మ్రింగుట పారిస్ వారికి పండుగభోజనము. తిన్నది గ్రుక్కెడు, మిగిలినది గంపెడు. వేకువను బండి వచ్చుటకు కొంచెము ముందుగా పెట్టెలను వీధిలో నుంచి, బండి పోగానే లోపలికి తెచ్చుకొని కడిగి పెట్టుకొనవలెను. 1884 జనవరి 15నుండి ఇది అమలు కావలెను. నేడు ప్రపంచమందలి నగరములన్నియు కొత్తగా కనుగొన్నట్లు చాటుకొను మూడుపెట్టెల విధానము నూట నలుబది యేండ్ల క్రిందటనే ఒక ప్రిఫెక్టు కలమునుండి పూర్తిగా వెలువడియుండుట చూచి నేను కొంతసేపు ఆశ్చర్యపడితిని.

పారిస్ వారు ఆశ్చర్యపడలేదు, మండిపడిరి. పెట్టెల ఖర్చు తమ నెత్తిన పడినదని యజమానులు గొణిగిరి. తెల్లవారకముందు లేచి బరువైన పెట్టెలను ఈడ్చుట, కంపుకొట్టు వానిని కడుగుట తమ పనియే యగునని ద్వారపాలికలు మొరపెట్టిరి. ఫిగారో పత్రిక 1884 జనవరిలోనే వానికి "పూబెల్ పెట్టెలు" అని ఎగతాళిగా పేరుపెట్టెను. ఎగతాళికి ఉన్న ఆయుష్షు ప్రశంసకు ఉండదు. మరికొన్ని యేండ్లకే ఆ పేరు నిఘంటువున చోటు సంపాదించుకొనెను. క్రమముగా పెట్టె యను మాట రాలిపోయి పూబెల్ మాత్రము మిగిలెను. పూబెల్ ఆ తరువాత పండ్రెండేండ్లు ఆ పదవిలో నుండి, ఇండ్ల మురుగునంతయు భూగర్భపు కాలువలకు కలుపవలెనను 1894 నాటి చట్టమునకును తోడ్పడి, 1896లో పోపుగారి కొలువునకు రాయబారిగా వెళ్ళి, 1907లో మరణించెను. మురుగు విషయమున ఆయన చేసినది మేలైన పనియే గాని, దానికి ఎవరును ఆయన పేరు పెట్టలేదు.

అందరికంటె గట్టిగా ఏడ్చినది షిఫోనియేలు. వారి యేడుపునకు కారణము పెట్టె కాదు, మూత. అంతకు పూర్వము కుప్ప రాత్రియంతయు వీధిలో నుండెడిది. ఇప్పుడు పెట్టె వీధిలో నుండునది వేకువను కొద్దిసేపు మాత్రమే, అదియు మూతతో. బహిరంగముగా ఉన్నది అందరిది, మూతపెట్టినది ఒకరిది. ఈ చిన్న తేడాతో చెత్తకు స్వామిత్వము ఏర్పడినది. పత్రికలు, ప్రజాప్రతినిధులు ఈ పేదల పక్షమున మాటలాడిరి. వేలాది కుటుంబముల నోటిముందరి కూడు ప్రిఫెక్టు లాగివేసెననిరి. తుదకు ప్రభుత్వము కొంత మెత్తబడి, బండి వచ్చులోపల పెట్టెను ఒక పట్టాపై వంచి, ఏరుకొని, మిగిలినది మరల పెట్టెలో వేయవచ్చునని సడలింపు ఇచ్చెను.

అయితే ఈ దెబ్బ షిఫోనియేలందరికి ఒకే తీరున తగులలేదు. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఈ భాగమే. పారిస్ ఏరుకొనువారిలో రెండు తెగలుండెను. కూరర్ అనువాడు వీధివీధి తిరుగువాడు. వానికి ఇల్లును లేదు, వాడుకయు లేదు. దొరికినది వాని భాగ్యము. ప్లాసియే అనువాడు కొన్ని మేడలను తనవిగా చేసికొన్నవాడు. అతడు వేకువనే వచ్చి, ద్వారపాలికకు బదులుగా చెత్తను క్రిందికి దింపి, పెట్టెలను వీధిలోనికి మోసి, తివాచీలు దులిపిపెట్టి, దానికి ప్రతిఫలముగా ఆ మేడలోని చెత్తను అందరికంటె ముందుగా ఏరుకొను హక్కును పొందెడివాడు. ఈ హక్కును అమ్ముకొనవచ్చును, కొడుకునకు ఇచ్చిపోవచ్చును. మన గ్రామములలో చాకలి, మంగలి వాడుక యిండ్లను పంచుకొనినట్లే. మూత వచ్చి కూరర్ నోట మన్నుకొట్టెను. ప్లాసియే గిరాకి మాత్రము పెరిగెను. ఏలయన వేకువను లేచి పెట్టె మోయుటకు ద్వారపాలికకు ఇప్పుడొక మనిషి తప్పనిసరి యాయెను. ఉత్తరువు ఇంటివారిని వేరుచేయుమన్నది; ఇంటివారు చేయలేదు; ద్వారపాలిక చేయలేదు; ప్లాసియే చేసెను. ఇంటివారు తెచ్చిన మూడు పెట్టెలలోను మూడు రకములును కలిసియే యుండ, వాని బుట్టలో మాత్రము అన్నియు వేరువేరుగా ఉండెను.

ఇరుకు ముంగిళ్ళలో మూడు పెట్టెలకు తావు కుదరకపోవుటచేతనో, అడిగి తనిఖీ చేయువాడు లేకపోవుటచేతనో, మూడు రకముల నియమము పుట్టుకనుండియే రోగిష్ఠిదై, ఒకే పెట్టె మిగిలెను. ఇంతలో కాగితపు మిల్లులు కొయ్యగుజ్జునకు మరలుటచే పీలిక ధర కూలెను. కాపాడుకొనుటకు తగిన వెల లేనప్పుడు వేరుచేయుమని ఎవరిని బలవంతపెట్టగలరు? నగరమధ్యమున బ్రతుకు కష్టమై, షిఫోనియేలు కోటగోడల వెలుపలి బయళ్ళలో గుడిసెలు వేసికొని, ఏరినవానిలో అమ్ముడుపోదగిన పాతసామానులను ఆదివారములలో పరచి అమ్మసాగిరి. ఉత్తరపు పొలిమేరను సాంటూవాన్ వద్ద నేడు దేశదేశముల యాత్రికులు చూడబోవు పాతవస్తువుల సంత అట్లు మొదలైనదే. నేడక్కడ పాతకుర్చీ యొకటి కొనవలెనన్న మంచి జీతగాడును వెనుదీయును.

బండ్లు తీసికొనిపోయిన చెత్త ఏమయ్యెనో చెప్పవలెను గదా. పొలిమేరల కూరగాయల తోటలవారు దానిని గదూ అని పిలిచి ఎరువుగా వాడుచుండిరి. నగరము తిన్న కాయగూరలు అట్లు మరల తోటలకు పోవుచుండెను. రసాయనపు ఎరువులు వచ్చిన పిమ్మటను, చెత్తలో గాజుపెంకులు, డబ్బారేకులు పెరిగిన పిమ్మటను తోటమాలి దానిని తాకనొల్లడాయెను. పెంకులు వేరైయుండినచో అతడు కాదనెడివాడా యని ఇప్పుడు అడిగి ప్రయోజనము లేదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమునకు దహనశాలలు లేచెను. అన్నిటిని కాల్చునప్పుడు వేరుచేయుట దేనికి?

వాస్తుశిల్పులు మరింత ముందుకు పోయిరి. చెత్తను చేతితో తాకకయే, కంటితో చూడకయే మాయముచేయు మేడలను వారు కలగనిరి. అంతస్తంతస్తునకు ఒక గవాక్షము పెట్టి, అందులో వేసినది నేరుగా అడుగునకు జారు గొట్టములు కట్టిరి. గార్షే అను ఫ్రెంచివాని పేర ప్రసిద్ధమైన పద్ధతి ఇంకను విచిత్రము: వంటింటి తొట్టిక్రింది పాత్రలో చెత్త వేసి నీరు విడిచినచో అది గొట్టములగుండ నేలక్రిందికి దిగి, అచ్చటినుండి గాలిపీల్చు యంత్రముతో లాగబడి దహనశాలకు చేరును. 1930ల ఆరంభమున పారిస్ సమీపమందలి ద్రాన్సీలో కట్టిన లా ముయెత్ అను ఆధునిక గృహసముదాయమున దీనిని అమర్చిరి. ఆ మేడలనే కొన్నియేండ్లకు జర్మను ఆక్రమణకాలమున యూదులను బంధించి మృత్యుశిబిరములకు పంపు బందిఖానాగా మార్చిరి. ఆ పేరు వినిన నేటివారికి తొట్టియు గొట్టమును జ్ఞప్తికి రావు, ఆ రైళ్ళే జ్ఞప్తికి వచ్చును. ఇంగ్లండులోని లీడ్సు పట్టణమున 1930లలోనే కట్టిన క్వారీహిల్ వాటాలలోను, యుద్ధానంతరము మార్సేల్స్‌లో లె కొర్బూజియే కట్టిన మహాభవనములోను అదే పద్ధతి. మూత పెట్టుటతో మొదలైన కథ ఇక్కడ పరాకాష్ఠ నందినది: చెత్త ఉన్నట్లే ఇంటివారికి తెలియరాదు.

అయినను ఏరువారు పూర్తిగా అంతరింపలేదు. 1949లో ఆబె పియేర్ అను క్రైస్తవ మతగురువు పారిస్ పొలిమేరను ఇల్లు లేనివారిని, చెరసాల విడిచి వచ్చినవారిని చేరదీసి ఎమ్మావూస్ అను సంఘమును స్థాపించెను. ధనము లేక వారు పాతసామానులు ఏరి, బాగుచేసి, అమ్మి, ఆ డబ్బుతో తమవంటివారికి ఇండ్లు కట్టసాగిరి. 1954 చలికాలమున మనుషులు వీధులలో గడ్డకట్టి చనిపోవుచుండగా ఆయన రేడియోలో చేసిన విజ్ఞప్తికి దేశమంతయు కదలెను. షిఫోనియే అను మాటకు గౌరవము దక్కిన సందర్భము అదియొక్కటియే యనుకొందును.

1992 నాటి ఫ్రెంచి చట్టము, పదేండ్ల గడువు పెట్టి, మరి దేనికిని పనికిరాని చెత్త తప్ప మరేదియు నేలలో పూడ్చరాదని శాసించెను. అప్పుడు పారిస్ మేడల ముంగిళ్ళలోనికి పెట్టెలు మరల ఒకటి తరువాత ఒకటి రాసాగెను: కాగితములకును అట్టలకును పసుపుపచ్చమూత, సీసాలకు తెల్లమూత, తక్కినదానికి ఆకుపచ్చమూత. గొట్టములలో వేసినది వేరుచేయ వీలులేదు గనుక పెక్కు మేడలలో ఆ గవాక్షములకు మేకులు కొట్టి మూసివేసిరి. మిగిలినది కుళ్ళు పదార్థములకు వేరుతావు. 2020 నాటి మరియొక చట్టము ప్రకారము దేశమందలి గృహస్థులందరికి ఆ ఏర్పాటు 2024 జనవరి 1నుండి కలుగజేయవలసియున్నది. పూబెల్ ఉత్తరువు అమలునకు వచ్చిన నాటినుండి లెక్కించినచో నూట నలుబది సంవత్సరములకు సరిగా పదునాలుగు దినములు తక్కువ.

మన దేశమునను 2016 ఏప్రిల్‌లో వెలువడిన నియమములు ఇంటివారినే తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త యని మూడుగా విభజింపుమన్నవి. మా అపార్టుమెంటునకు మొన్న మూడు రంగుల డబ్బాలు వచ్చినవి. అసోసియేషను వారు వానిని సెల్లారులో గోడప్రక్క వరుసగా నిలిపి, లిఫ్టులోని పాతకాగితముపైన కొత్తకాగితము అంటించిరి. వాచ్‌మన్ భార్య రెండు దినములు వానివంక చూచి, మూడవనాడు తన పీటను వాని నడుమకు జరుపుకొన్నది. మోటారు గది తలుపు వెనుక మేకునకు ఆమెది ఒక గోనెసంచి వ్రేలాడుచుండును. అది ఏ నియమములోను లేదు. పదిహేను దినములకొకసారి పాతసామానుల బండివాడు గేటువద్ద కేక వేయగానే, ఆమె దానిని దింపి, మూతికి కట్టిన పురికొస విప్పి, తూకపురాళ్ళు సరిగా ఉన్నవో లేవో ముందుగా చూచుకొనును.